రిటైరయ్యాక మొదటి చలి: గడియారం వదిలి ఎండను పట్టుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఐదు నెలల క్రితం రిటైరయ్యారు. వేసవి అంతా వాయిదా పడ్డ పనులతో, ప్రయాణాలతో, వచ్చేపోయే చుట్టాలతో తెలియకుండానే గడిచిపోయింది. ఇప్పుడు ఎండ మెత్తబడింది, గాలి చల్లబడింది, ఇంటిపట్టున హాయిగా ఉండాల్సిన కాలం వచ్చింది. అలవాటు కొద్దీ ఐదింటికే లేచి నడకకి వెళ్తున్నారు. పగలు ఎలాగో గడుస్తోంది కానీ, సాయంత్రం కాగానే చీకటి పడిపోయి దాంతోపాటే ఏదో దిగులు కమ్ముకుంటోంది. ఇంత తీరిక చేతిలో పెట్టుకుని ఆనందించడం చేతకావడం లేదేమిటి అని అడిగారు.

నేను రిటైరై పదకొండేళ్లు దాటింది. మొదటి ఏడాది సరిగ్గా ఈ కాలంలోనే మీలాగే ఉన్నాను. అందుకని నాకు పనికొచ్చినవీ పనికిరానివీ రెండూ చెబుతాను. డాక్టర్ని కాను. వాతావరణ పరిశీలన కేంద్రంలో ముప్ఫై నాలుగేళ్లు అబ్జర్వర్‌గా చేశాను. ఆ పనంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత అవసరం పడుతుంది. ఆరుబయట గడ్డి మీద, కాళ్ల స్టాండు మీద తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. పక్కలకి గాలి ఆడే పలకలు. స్టీవెన్‌సన్ స్క్రీన్ అంటాం. 19వ శతాబ్దంలో లైట్‌హౌసులు కట్టిన థామస్ స్టీవెన్‌సన్ అనే ఇంజనీరు రూపొందించిన పెట్టె అది. మూడు గంటలకోసారి దాని తలుపు తీయాలి, లోపల నాలుగు థర్మామీటర్లు చూడాలి, పుస్తకంలో రాయాలి, తలుపు వేయాలి. గాలిలో తేమ తెలుసుకోవడానికి వాడే వెట్ బల్బ్ థర్మామీటరుకి చుట్టిన మస్లిన్ గుడ్డ మాసిపోతే మార్చాలి, దాని కింద చిన్న గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ అయిపోకుండా చూసుకోవాలి. ఎండైనా, వానైనా, రాత్రి రెండైనా అంతే. చూడటానికి విసుగు పుట్టించే పని. కానీ ఇంట్లో కూర్చున్న నన్ను నిలబెట్టింది ఆ అలవాటే.

ఇక అసలు సంగతి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మనం గడియారం ప్రకారం బతుకుతాం. రిటైరయ్యాక ఉద్యోగం పోతుంది కానీ గడియారం పోదు. ఐదింటికి లేవడం, ఆరింటికి ఇది, పదింటికి అది, సాయంత్రం ఆరింటికి షికారు. ఏడాది పొడుగునా అదే పట్టీ. వేసవిలో దీనివల్ల వచ్చే ఇబ్బందేమీ తెలియదు. వెలుతురు పుష్కలంగా ఉంటుంది, ఎటు లాగినా సరిపోతుంది. చలి మొదలయ్యేటప్పుడు లెక్క తేడా బయటపడుతుంది. సాయంత్రం ఆరింటి షికారు వేసవిలో వెలుతుర్లో జరిగింది, ఇప్పుడు చీకట్లో జరుగుతోంది. షికారు మారలేదు, ఆకాశం మారింది.

ఇంకో మాట. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఈ కాలంలో చీకటి ఇంత తొందరగానే పడేది. కాకపోతే ట్యూబ్‌లైట్ల కింద పనిలో ఉండేవాళ్లం, అది పడటం చూసేవాళ్లం కాదు. బయటికి వచ్చేసరికి పడి ఉండేది, అంతే. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, అది కిటికీలోంచి మెల్లగా లోపలికి రావడం మొదటి నుంచి చివరిదాకా చూస్తున్నాం. మీ దిగులుకి సగం కారణం ఇదేనని నా అనుమానం.

పగలు తగ్గే వేగం గురించి కొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన విషయం. పగలూ రాత్రీ సమానమయ్యేది సెప్టెంబరు 22నో 23నో. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నవాళ్లకి శరత్తు మార్చి 20 ప్రాంతంలో వస్తుంది. ఏడాది మొత్తంలో పగలు అతివేగంగా తగ్గేది ఆ రోజుల్లోనే. ఎంత వేగమన్నది మీరున్న అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర తేడాయే తెలియదు. 40 డిగ్రీల దగ్గర రోజుకి రెండున్నర నిమిషాలకు పైనే తగ్గుతుంది, 60 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలకు పైనే. రెండున్నర నిమిషాలు ఎవరికీ పట్టవు. కానీ జలుబు చేసి రెండు వారాలు గదిలో పడుకుని లేచారనుకోండి, అరగంటకు పైగా పగలు మాయమై ఉంటుంది. నిన్నటిదాకా బాగానే ఉన్నానే, ఇవాళేమైంది అనిపించేది అందుకే.

ఇందులో ఒక శుభవార్త కూడా ఉంది, చాలామందికి తెలియదు. సూర్యుడు అన్నిటికన్నా తొందరగా అస్తమించే రోజు, అన్నిటికన్నా చిన్న పగలు ఉండే రోజు ఒకటి కాదు. చిన్న పగలు డిసెంబరు 21 ప్రాంతంలో వస్తుంది. సాయంత్రాలు మాత్రం అంతకన్నా ముందే పెరగడం మొదలుపెడతాయి. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అయితే డిసెంబరు మొదటి వారం దాటగానే. భూమి కక్ష్య సరిగ్గా గుండ్రంగా లేకపోవడం, దాని ఇరుసు వంగి ఉండటం రెండూ కలిసి ఆ రోజుల్లో అసలు మధ్యాహ్నాన్ని గడియారంలో రోజూ కొంచెం కొంచెం ఆలస్యం చేస్తాయి. దాంతోపాటే అస్తమయమూ జరుగుతుంది. అంటే పగలు ఇంకా కుంచించుకుపోతున్నా, సాయంత్రం మనవైపు తిరిగిపోయి ఉంటుంది. నేను ఏటా ఆ రోజు కోసం కాచుకుని ఉంటాను.

ఇప్పుడు మీ దినచర్యకి వద్దాం. ఐదింటి నడక ముందు మానేయండి. నడక కాదు, ఐదింటికి వెళ్లడం.

అర్ధరాత్రే బాగా చలి అనుకుంటారు చాలామంది. కాదు. నేల రాత్రంతా తన వేడిని పైకి వదిలేస్తూనే ఉంటుంది. సూర్యుడు పైకి వచ్చాక కూడా, వచ్చే వేడి పోయే వేడిని దాటేదాకా చల్లబడుతూనే ఉంటుంది. అందుకే మబ్బూ గాలీ లేని రోజున కనిష్ఠ ఉష్ణోగ్రత సూర్యోదయం వేళకో, అది దాటిన కాసేపటికో నమోదవుతుంది. మేం పుస్తకంలో అలాగే రాసేవాళ్లం, వేల సార్లు. అంటే మీరు ఇల్లు కదిలేది దినమంతటిలోకీ చలి ముదిరే వేళకి. అదొక్కటే కాదు. ఇలాంటి రాత్రుల్లో నేలకి ఆనుకున్న గాలి, పైనున్న గాలికన్నా చల్లగా ఉంటుంది. చల్లగాలి బరువు, పైకి లేవదు. బండ్ల పొగ, పొయ్యిల పొగ, దుమ్ము అన్నీ మూతపెట్టినట్టు కిందే ఉండిపోతాయి. ఎండెక్కి నేల వేడెక్కితే తప్ప ఆ మూత తెరుచుకోదు. తెల్లవారుజామున స్వచ్ఛమైన గాలి అని మనం ఊపిరి బలంగా పీల్చేది ఆ మూత కిందే.

పైగా చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది. అసలే పొద్దున పూట బీపీ ఎక్కే వేళ. మన వయసులో ఆ రెండూ కలవనివ్వడం దేనికి? సూర్యుడు వచ్చి గంటో గంటన్నరో అయ్యాక బయల్దేరండి. రోజూ ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది కదా అంటారేమో. రానివ్వండి. మెలకువ వచ్చినంత మాత్రాన చెప్పులు వేసుకోవాలని లేదు. రగ్గు కప్పుకుని మంచంలోనే అరగంట పడుకుని ఉండటం రిటైరైనవాడికి దక్కే మొదటి భోగం. నాకు అది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది, ఏదో తప్పు చేస్తున్నట్టుండేది.

ఎండెక్కాక నడిస్తే ఇంకో లాభముంది. ఇంట్లో లైట్లన్నీ వేసినా బల్ల మీద పడే వెలుగు సాధారణంగా 100 నుంచి 300 లక్సుల (లక్స్ అంటే వెలుగుకి కొలత) మధ్య ఉంటుంది. బయట మబ్బు పట్టిన పగలు కూడా వేలల్లో ఉంటుంది, నిండు ఎండలో లక్ష దాకా పోతుంది. కంటికి గది కూడా బాగా వెలుగ్గానే అనిపిస్తుంది, అది కన్ను సర్దుకుపోవడం. కానీ మన ఒంట్లో నిద్ర, మెలకువ, ఆకలి, హుషారు వీటన్నిటి వేళల్ని దిద్దేది కంట్లో పడే వెలుతురే, అందులోనూ పొద్దుటి వెలుతురు. దానికి ఈ మోసం కుదరదు. వయసుతోపాటు కంటి లెన్స్ పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. మసక వెలుగులో ఇరవై ఏళ్ల కుర్రాడి కంటి వెనక్కి చేరే వెలుతురులో మూడోవంతో ఏమో అరవై ఏళ్లవాడికి చేరుతుంది. మనకి వెలుతురు అందరికన్నా ఎక్కువ కావాలి, మనమేమో అందరికన్నా ఎక్కువ ఇంట్లో ఉంటాం. మాటవరసకి అరగంట పొద్దుటి ఎండ అంటే అర్థం అది.

నడక ఎంత అంటే, అరవై ఐదు దాటినవాళ్లకి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, దాంతోపాటు వారంలో మూడు రోజులు తూలకుండా నిలబడే వ్యాయామాలు. రెండోదాన్ని అందరూ మర్చిపోతారు. నేను పళ్లు తోముకునేటప్పుడు ఒక కాలి మీద నిలబడతాను, వాష్‌బేసిన్ అంచు అందేంత దూరంలో.

ఇక ఇంట్లో కూర్చునే చోటు. దీని గురించి తీరిగ్గా చెబుతాను.

మా ముందుగదిలో మధ్యాహ్నం ఎండ పడే కిటికీ ఒకటుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి ఎండ గోడవారనే ఆగిపోతుంది. శరత్తు వచ్చేసరికి సూర్యుడు కిందికి వంగుతాడు, ఎండ గదిలోకి నడుచుకుంటూ వస్తుంది. ఉష్ణమండలం దాటి ఉన్నచోట్ల ఎండాకాలం నడుమ నుంచి చలికాలం నడుమకి మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు 47 డిగ్రీలు తగ్గుతుంది. ఇదంతా నాకు కాగితం మీద తెలుసు. ముప్ఫై నాలుగేళ్లు వాతావరణం రాసినవాణ్ణి, నా ఇంట్లో ఎండ ఎక్కడిదాకా వస్తుందో రిటైరయ్యేదాకా చూడలేదు.

మొదటి ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి నేల మీద ఎండ అంచున సుద్దతో గీత గీశాను. సోమవారం గది తుడిచారు, గీత పోయింది. మళ్లీ ఆదివారం గీశాను, మళ్లీ పోయింది. మా ఆవిడ ఒకటే అంది, “మీకు గీతలు కావాలో, నాకు శుభ్రం కావాలో తేల్చండి.” అప్పుడు కరెంటు పనికి వాడే ఆకుపచ్చ టేపు తెచ్చి, వేలెడంత ముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద తేదీ రాసి అంటించడం మొదలుపెట్టాను. తడిగుడ్డకి లేవలేదు. మొదట్లో ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య బాగా ఎడం ఉండేది. పోనుపోను ఎడం తగ్గింది. డిసెంబరు నడిమికి వచ్చేసరికి టేపు ముక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, ఎండ ముందుకు రావడానికి మొహమాటపడుతున్నట్టు. ఆ తర్వాత వెనక్కి తిరిగింది. సెలవులకి వచ్చిన మనవడు ఆ మెట్లు చూసి, “తాతా, ఇది ఏం ఆట?” అని అడిగాడు. ఆటే మరి.

దీనివల్ల జరిగిందేమిటంటే, నా కుర్చీకి కదలడం వచ్చింది. పదేళ్లుగా టీవీకి ఎదురుగా పాతుకుపోయిన కుర్చీ అది. ఇప్పుడు పొద్దున తూర్పు గదిలో, మధ్యాహ్నం ముందుగదిలో టేపు ముక్కల పక్కన, నాలుగింటికి పడమటి వరండాలో. రోజుకి మూడుసార్లు మకాం మారితే ఇల్లు పెద్దదవుతుంది, నిజంగా చెబుతున్నాను. ఒకే గదిలో ఒకే మూల నుంచి పొద్దున్నుంచి రాత్రిదాకా చూస్తే రాజభవనమైనా ఇరుకే. మీ ఇంట్లో ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతుందో ముందు నాలుగు రోజులు ఊరికే చూడండి. చదువుకోవడం, లెక్కలు చూసుకోవడం, ఫోన్లు మాట్లాడటం లాంటి కళ్లకీ మనసుకీ పనిపెట్టేవి వెలుతురు ఉన్న వేళలకి తెచ్చేయండి. అల్మరా సర్దడం, కూరగాయలు తరగడం లాంటివి చీకటి పడ్డాక కూడా చేసుకోవచ్చు.

ఇంట్లో ఉన్న మనిషి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీరు రాయలేదు, కానీ ఇల్లంటే మీరొక్కరే కాదనుకుంటాను. వేసవిలో తలుపులు తీసి ఉంటాయి, అటూఇటూ తిరుగుతాం. చలి వచ్చాక తలుపులు మూసి ఇద్దరూ ఆ నాలుగు గోడల మధ్యే ఉంటారు. నేను ఊరుకోలేక వంటింటి అలమర్లు “శాస్త్రీయంగా” సర్దాను. ఎక్కువ వాడేవి కింద, తక్కువ వాడేవి పైన. ఎవరు ఏది ఎక్కువ వాడతారో అడగకుండా. మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. నాలుగో రోజున మా ఆవిడ అంది, “మీరు రిటైరయ్యారు, సంతోషం. నేనెప్పుడవుతానో చెప్పండి.” దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి పొద్దుటి టీ, రాత్రి గిన్నెలు నావి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరి గది వాళ్లది, పిలుచుకోం. ఆ రెండు గంటల ఎడం వల్లే సాయంత్రం టీ దగ్గర చెప్పుకోవడానికి ఏదైనా ఉంటుంది.

సాయంత్రం. మీ అసలు బాధ ఇదే కదా.

నేను మొదటి ఏడాది చేసిన తప్పు, చీకటి పడేదాకా లైటు వేయకుండా కూర్చోవడం. బిల్లు మిగలాలని కాదు, లేవబుద్ధి కాక. గది మసకబారుతుంది, చేతిలో పేపరు అక్షరాలు కలిసిపోతాయి, అయినా లేవం. ఆ మసకలోనే పాతవన్నీ గుర్తొస్తాయి. ఇప్పుడు మా ఇంట్లో చీకటికన్నా ముందే దీపం పడుతుంది, సూర్యుడు ఇంకా కనిపిస్తుండగానే. వెలుగుతున్న ఇంట్లోకి చీకటి వస్తే అది బయటే ఉంటుంది. మరీ ముఖ్యంగా ఒక్క పెద్ద లైటు పైనుంచి వేసే బదులు చేతి పక్కన, పని మీద పడేలా దీపం పెట్టుకోండి. మన కళ్లకి అది సుఖం.

దీపం పెట్టాక బయటికి వెళ్తాను. దూరం కాదు, మెట్ల దాకా. సూర్యుడు దిగినా, దిగంతానికి 6 డిగ్రీల కిందికి వెళ్లేదాకా లైటు లేకుండా పనులు చేసుకునేంత వెలుతురు ఉంటుంది. ఆ కాసేపు నా పాత ఉద్యోగం చేస్తాను. మా లెక్కలో ఆకాశాన్ని ఎనిమిది భాగాలు అనుకుని, మబ్బు ఎన్ని భాగాలు కప్పిందో రాస్తాం. ఆక్టాలు అంటారు. మొత్తం కప్పితే ఎనిమిది, ఏమీ లేకపోతే సున్నా. సరిగ్గా చెప్పాలంటే మెడ తిప్పి నాలుగు దిక్కులూ చూడాలి, మబ్బులన్నీ ఒక మూలకి నెట్టినట్టు ఊహించుకోవాలి. “ఇవాళ మూడు” అని లోపలికి కేకేస్తాను. “నాలుగు” అంటుంది మా ఆవిడ, వంటింటి కిటికీలోంచి సగం ఆకాశమే కనిపిస్తున్నా సరే. చీకటి పడటాన్ని ఇంట్లో కూర్చుని భరించడం వేరు, బయట నిలబడి చూడటం వేరు. అంతకన్నా బాగా చెప్పలేను. నాలుగు రోజులు చేసి చూడండి.

తర్వాతి గంట చేతులకి పని. తలకి కాదు, చేతులకి. నేను వీపు ఊడిన పాత పుస్తకాలు కుడతాను. దారానికి మైనం పట్టించి, ఒక్కో కట్ట మడత మధ్యలోంచి సూది దూర్చి లాగుతుంటే, వేరే ఆలోచనకి చోటుండదు. తెగిపోతుందేమో, కాగితం చిరుగుతుందేమో అన్నదొక్కటే టెన్షన్. ఈ కాలంలో జిగురు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, అందుకని రోజుకి ఒక్క పుస్తకమే. ఆ ఆలస్యం నాకు నచ్చింది, రేపటికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. మీకు వడ్రంగం వచ్చో, అల్లికలు వచ్చో, రేడియోలు విప్పడం వచ్చో ఉండొచ్చు. రాకపోతే పప్పులో రాళ్లు ఏరినా మంచిదే, నేను వేళాకోళం ఆడటం లేదు. టీవీలో వార్తలు మాత్రం ఆ గంటలో వద్దు. అసలే వెలుతురు తగ్గిన మనసుకి నలుగురు ఒకేసారి అరుచుకోవడం చూపించడం దేనికి.

పనికిరానివి కూడా చెబుతానన్నాను. గోడ మీద గంటగంటకీ రాసి అంటించిన టైమ్‌టేబుల్, తొమ్మిది రోజులు నడిచింది. హాబీ ఉండాలని ఎవరో చెబితే కొన్న వాటర్ కలర్ల పెట్టె, అందులో నీలం ఒక్కటే తగ్గింది, అదీ మనవడి పుణ్యం. పాత ఆఫీసుకి “ఊరికే చూసి వద్దామని” వెళ్లడం. అందరూ ఆప్యాయంగా మాట్లాడారు, అందరూ వాచీ చూసుకున్నారు. దానిమీద ఇంతకన్నా రాయను.

ఇంకోటి. రాలే ఆకుల్ని రిటైర్మెంట్‌తో పోల్చి కబుర్లు పంపుతుంటారు జనం. ఆకు పండినప్పుడు కనిపించే పసుపు కొత్తగా వచ్చింది కాదట, ఆకుపచ్చ కింద ముందునుంచీ ఉందట. అంతవరకు నిజమే. ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్ విరిగిపోతే కింద ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పటికప్పుడు తయారయ్యే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ పోలిక నాకు గిట్టదు. ఎందుకంటే కాడ మొదట్లో ఒక పొర ఏర్పడి చెట్టు ఆ ఆకుని తనంతట తానే వదిలించుకుంటుంది. ఆ సంగతి ఆ కబుర్లలో ఎవరూ రాయరు.

ఒంటి జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. ఇంట్లో ఉష్ణోగ్రత 18 డిగ్రీలకన్నా దిగనివ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ల గురించి చెప్పిన సూచనల్లో ఉంది. పెద్దవయసులో చలి తెలియడమే తగ్గుతుంది, వణుకూ తక్కువే. అందుకని “నాకేం చలి లేదు” అన్న మాటని నమ్మకుండా గదిలో ఒక థర్మామీటర్ పెట్టుకోండి. ఎండ తగలని గోడకి, ఛాతీ ఎత్తున. దాహమూ తక్కువ తెలుస్తుంది, కాబట్టి దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. డాక్టర్ నీళ్లు తగ్గించమన్నవాళ్లు ఆయన చెప్పిన లెక్కనే పాటించండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున నిమిషం కూర్చుని లేవండి. ఫ్లూ టీకా సంగతి మీ డాక్టర్ని ఈ నెలలోనే అడగండి, చలి ముదిరాక కాదు.

బొగ్గుల కుంపటి గురించి మాత్రం గబగబా చెప్పను. రెండో ఏడాది ఒక రాత్రి బాగా చలిగా ఉందని నేను గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించాను. హాయిగానే ఉంది. గంటకి తలనొప్పి మొదలైంది, కడుపులో తిప్పింది, నిద్రమత్తు అనుకున్నాను. మా ఆవిడ ఏదో పనికి వచ్చి తలుపు తీయబట్టి సరిపోయింది. బొగ్గులు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గాలి గురించి జీతం తీసుకున్నవాణ్ణి, నా గదిలో గాలి గురించి ఆలోచించలేదు. మూసిన గదిలో బొగ్గులు, నిప్పు వద్దు. ఇంకో రగ్గు కప్పుకోండి.

నిద్ర పట్టడం లేదంటే, పడుకోవడానికి గంటా రెండు గంటల ముందు 40 డిగ్రీల పైచిలుకు వేడి నీళ్లతో స్నానమో, కనీసం పాదాలు ముంచి కూర్చోవడమో చేసి చూడండి. వేడి నీళ్లు ఒంటిని వేడెక్కించి నిద్రపుచ్చుతాయని అనుకుంటాం. జరిగేది దానికి పూర్తిగా తిరగబడ్డది. చేతులకీ పాదాలకీ రక్తం పారి, లోపలి వేడి వాటిగుండా బయటికి పోతుంది. లోపల చల్లబడటమే ఒంటికి నిద్రవేళ అని చెప్పే గుర్తు. నీళ్ల వేడి ముంజేత్తో చూసుకోండి, షుగరు ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు.

ఇవన్నీ చేసినా దిగులు పోకుండా రోజంతా ఉంటే, రెండు వారాలు దాటితే, తిండి నిద్ర తేడా పడితే, ఇష్టమైనవి కూడా రుచించకపోతే, దాన్ని వాతావరణం మీదికి తోసేయకండి. ఏటా పగలు తగ్గే కాలానికి వచ్చే కుంగుబాటు ఒకటుందని నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటివాళ్లు 1984లోనే వివరించి రాశారు. దానికి పొద్దున పూట 10,000 లక్సుల దీపం ముందు కూర్చోబెట్టే చికిత్స ఉంది, మందులున్నాయి, మాట్లాడే వైద్యముంది. కళ్ల జబ్బులున్నవాళ్లు ఆ దీపాలు సొంతంగా కొనుక్కోకూడదు, డాక్టర్ని అడగాలి. నా దగ్గరున్నవి మామూలు దిగులుకి పనికొచ్చే చిట్కాలు మాత్రమే.

చీకటి గురించి ఇంత చెప్పి రాత్రి గురించి చెప్పకపోతే అన్యాయం. శరత్తులో ఆకాశం తేటపడుతుంది, చుక్కలు చూడటానికి తొమ్మిదీ పదీ దాకా మేలుకోనక్కర్లేదు. సగటున రోజుకి 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయించే చంద్రుడు, ఉత్తరాన నడిమి అక్షాంశాల్లో ఈ కాలపు పౌర్ణమి చుట్టూ అరగంట తేడాతోనే వచ్చేస్తాడు. వరసగా కొన్నాళ్లు చీకటి పడే వేళకే వెన్నెల. అక్టోబరు చివరికి రాత్రి భోజనమయ్యేసరికి తూర్పున కృత్తికలు లేచి ఉంటాయి. మనవడు ఏడు లెక్కపెట్టాడు. నాకు చాలాకాలం ఊదిన పొగలా కనిపించేవి. పోయినేడు కంటిశుక్లం ఆపరేషన్ అయ్యాక ఐదు లెక్కకి వచ్చాయి, నీలం కూడా ఇంత నీలంగా ఉంటుందని మర్చిపోయినట్టున్నాను. ఆ వెలుగు అక్కణ్ణుంచి బయల్దేరి నాలుగు వందల ఏళ్లు దాటింది. దానికీ తొందర లేదు.

చివరగా ఒక నోట్‌బుక్ కొనమంటాను. పెద్ద డైరీ కాదు, జేబులో పట్టేది. రోజుకి ఒక్క వరస. పొద్దుటి చలి ఎంత, ఆకాశం ఎంత, కళ్లబడ్డది ఏదైనా ఒకటి. మనసులో భావాలు రాయకండి, అవి పదేళ్ల తర్వాత చదివితే సిగ్గేస్తుంది. చూసింది రాయండి. మచ్చుకి నావి మూడు, మూడు వేర్వేరు ఏళ్లవి, ఒకే తేదీకి: “14.2. ఆకాశం సున్నా. గేటు మీద సాలెగూడు నిండా మంచు బొట్లు, సాలీడు మూలకి చేరి ఉంది.” “16.8. ఆరు. స్వెట్టర్ తీశాం, పురుగు కొట్టింది.” “15.0. రెండు. టేపు అయిపోయింది.” రెండో ఏడాదికి ఇది కబుర్ల పుస్తకమవుతుంది, ఐదో ఏడాదికి పొద్దున టీతోపాటు ఇద్దరూ కలిసి చదివేదవుతుంది. పోయినేడు ఇవాళ్టికి ఏమైందో అని మా ఆవిడే ముందు అడుగుతుంది ఇప్పుడు.

ఇంకేమైనా అడగాలంటే అడగండి, పొద్దున పూట అడిగితే జవాబు తొందరగా వస్తుంది. ఇవాళ్టికి ఇక ఆపుతాను. ఎండ నా మోకాళ్లు దాటి చాప అంచుకి వెళ్లింది, కుర్చీ జరపాలి.